మళ్ళీ తీసుకుంటారా అన్న ప్రశ్న

విజయనగరంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను డెలివరీ మేనేజరుగా చేరింది కరోనాకు మూడేళ్ళ ముందు. ఈ సంగతి జరిగింది కరోనా తగ్గి ఆఫీసులు పూర్తిగా తెరిచాక వచ్చిన వేసవిలో. డెలివరీ మేనేజరంటే ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న తేదీకి కస్టమరుకు అప్పజెప్పించేవాడు. కోడ్ రాయడు, రాసేవాళ్ళను తేదీలడిగి విసిగిస్తాడు.

నాకు ఆ ఉద్యోగం నప్పిందంటే చదువు కన్నా మా నాన్న బట్టల కొట్టే ఎక్కువ కారణం. మా కొట్లో మొదటి మాటను ఎవరూ నమ్మరు. చెప్పిన ధరకు ఎవరైనా నోరెత్తకుండా కొనేస్తే, ఇంకాస్త చెప్పాల్సిందని నాన్న ఆ పూటంతా దిగులుగా ఉండేవారు. నచ్చనట్టు ముఖం పెట్టి నాలుగడుగులు వేసినవాళ్ళే అసలు కొనేవాళ్ళు. వాళ్ళు వెనక్కి వస్తారు. ఈ జ్ఞానంతోనే కస్టమర్ల దగ్గర గడువులు పెంచుకొచ్చాను, నన్ను నేను ఘనుడిననుకున్నాను.

నా టీములో ఎస్తేరు అని సీనియర్ ఇంజనీరు ఉండేది. సాలూరమ్మాయి, తండ్రి లారీ డ్రైవరు. ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నిర్వహణ మా ప్రధానమైన పని. ఆ పాత కోడ్‌లో ఏ తీగ లాగితే ఏ డొంక కదులుతుందో ఆవిడొక్కర్తికే తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని నా గది ముందు నుంచి వెళ్తూ, తలుపు తోసి "ఏటి సార్, ఇంకా తిన్లేదా" అని అడిగేది. ఆ మాట వినపడ్డాకే నేను లేచేవాణ్ణి.

ఆ వేసవిలో విశాఖపట్నంలోని ఒక పెద్ద కంపెనీ ఆవిడను ఇంటర్వ్యూ చేసింది. మామూలుగా పనిచేస్తున్న చోటి మేనేజరుకు ఇలాంటివి ఎవరూ చెప్పరు. ఆవిడ చెప్పింది, రిఫరెన్స్‌గా నా పేరు ఇవ్వొచ్చా అని కూడా అడిగింది. ఎందుకు వెళ్తున్నావంటే, "ఇక్కడ ఎవులో కట్టిన ఇంటికి సున్నం ఏస్తన్నాను సార్. ఒక్క ఇల్లయినా నాను కట్టాల కదా" అంది. అక్కడ కొత్త సిస్టమ్‌ను పునాది నుంచి రూపొందించే పని. ఇవ్వమ్మా, నేను చూసుకుంటాను అన్నాను.

రిఫరెన్స్ అడగడంలో రెండు రకాలున్నాయి. ఒకటి హెచ్.ఆర్. వాళ్ళది. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా మెయిల్లో సరిచూసుకుంటారు, అంతే. రెండోది మేనేజరుకు వచ్చే ఫోను. పని ఎలా చేస్తారు, ఒత్తిడి తట్టుకుంటారా అని అడుగుతూ పోయి, చివర్లో, అవకాశముంటే ఈ వ్యక్తిని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారా అంటారు. మిగిలినవన్నీ మర్యాదకు. దీనికి అవును అన్నది ఒక్కటే అవును. తక్కినదేదైనా కాదనే రాసుకుంటారు.

ఇది నాకు తెలియక కాదు. నేనూ అలా ఫోన్లు చేసి రాసుకున్నవాణ్ణే. కానీ ఒక పెద్ద ఆసుపత్రి డేటా అంతా కొత్త సర్వరుకు మార్చే పని మూడు నెలల్లో ముగించాలి, ఎస్తేరు లేకపోతే అది ముగియదు. వాళ్ళేమో నెలలో చేరమంటున్నారు. నాకు కావలసింది ఇంకో రెండు నెలలు.

ఫోన్ వచ్చింది. అన్నిటికీ మంచే చెప్పాను. చివరి ప్రశ్నకు కాస్త ఆగి, ఆలోచించి చెప్పాలండి అన్నాను. వాళ్ళు కంగారు పడి మళ్ళీ చేస్తారని, అప్పుడు రెండు నెలలు అడిగి, ఆవిడంత పనిమంతురాలు లేదని చెప్పొచ్చని నా లెక్క. అవతలి అమ్మాయి థాంక్యూ సార్ అని పెట్టేసింది.

రెండో ఫోన్ రాలేదు. నాలుగో రోజున ఎస్తేరు తలుపు తోసుకుని వచ్చి నిలబడింది.

"ఫోన్ వచ్చిందా సార్?"

వచ్చిందన్నాను, మంచే చెప్పానన్నాను.

"మళ్ళీ తీసుకుంటారా అని అడుగుతారు కదా. దానికేటి సెప్పారు?"

అబద్ధమాడొచ్చు. ఎందుకో ఆడలేకపోయాను. ఆలోచించి చెప్తానన్నానని ఒప్పుకున్నాను.

"ఐదేళ్ళు సాల్లేదా సార్, ఆలోసించడానికి?" అంది. గొంతు పెంచలేదు. వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

వెంటనే ఆ కంపెనీకి నేనే ఫోన్ చేశాను. ఆవిడను ఆకాశానికెత్తాను. ముందు ఫోన్ చేసిన అమ్మాయే ఓపిగ్గా విని, మొన్నొకటి ఇవాళొకటి చెప్తే ఏది రాసుకోమంటారు సార్, అయినా నిన్ననే వేరే వాళ్ళకు ఆఫర్ ఇచ్చేశాం అంది. చేరే తేదీ మాట కూడా ఎత్తాను. "అప్పుడే అడిగుంటే జరిపేవాళ్ళం సార్" అంది. అడిగితే దొరికేదాన్ని బేరమాడి పోగొట్టిన ఘనత మా వంశంలో నాదే. పోయింది మాత్రం నాది కాదు.

ఆసుపత్రి పనిని ఎస్తేరు చెప్పిన తేదీకి రెండు రోజుల ముందే ముగించింది. ఒక్క బిల్లు తప్పిపోలేదు. నాతో మాత్రం అడిగినదానికి జవాబు, రాసిన మెయిలుకు మెయిలు, గుడ్ మార్నింగ్ సార్, అంతే. మధ్యాహ్నాలు నేను గడియారం చూసుకుని తినడం నేర్చుకున్నాను. ఆ ఏడాది చివర్లో రాజీనామా ఇచ్చింది. కారణం దగ్గర వ్యక్తిగతం అని రాసింది. ఈసారి ఇల్లు కట్టే పని దొరికిందో లేదో అడిగే ముఖం నాకు లేకపోయింది.

ఆవిడ చేరబోయే కంపెనీ నుంచి నాకు ఫోన్ వస్తుందని చూశాను. భోజనానికి వెళ్ళినా వెంట పట్టుకెళ్ళేవాణ్ణి. చివరికి మా హెచ్.ఆర్. కుర్రాడు, వెరిఫికేషన్ మెయిల్ వచ్చిందని, తేదీలూ హోదా పంపేశానని చెప్పాడు. అంటే మాటలతో చెప్పే రిఫరెన్స్ ఇంకెవరో ఇచ్చారు. ఆవిడ రాసిన పేర్లలో నాది లేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా తెలియని నంబరు మోగితే, ఎస్తేరు గురించి అడుగుతారేమోనని ఒక్క క్షణం గొంతు సవరించుకుంటాను. చెప్పాల్సిందంతా వరసగా సిద్ధంగా ఉంది. క్రెడిట్ కార్డు కావాలా అని అడుగుతారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పద్ధతి మార్చాను. రిఫరెన్స్‌గా నా పేరు ఇస్తామన్న ఉద్యోగులకు, ఏం చెప్పబోతున్నానో ముందే వాళ్ళ ఎదుట చెప్పేవాణ్ణి. నాకు కావలసిన గడువేదైనా ఉంటే అవతలి కంపెనీని విడిగా, నేరుగా అడిగేవాణ్ణి. చివరి ప్రశ్నకు ఒక్క మాటలోనే జవాబిచ్చేవాణ్ణి. ఒక మనిషి చేసిన పని గురించిన మాట ఆ మనిషి సంపాదించుకున్నది. మేనేజరుది దాన్ని అందజేసే పని మాత్రమే.