కరువును చూడవచ్చిన చుట్టాలు

మొన్న శాసనసభలో బడ్జెట్ చదువుతుంటే టీవీ ముందు కూర్చుని వింటున్నాను. రాబడి తగ్గిందనీ, లోటు పెరిగిందనీ, అయినా కొత్త పన్నులు వేయడం లేదనీ మంత్రిగారు చదువుకుంటూ పోతున్నారు. పక్కనే చేటలో వేరుశనక్కాయలు వలుస్తున్న మా ఆవిడ ఒక లొట్టకాయను నొక్కి చూసి, లోపల ఏమీ లేకపోవడంతో నేల మీద పడేసింది. ఆ చిన్న చప్పుడుకే మా మేనమామ గుర్తొచ్చాడు.

తొంభైల చివరా, ఆ తర్వాత మరికొన్నేళ్లూ అనంతపురంలో విలేకరిగా పనిచేసిన మాబోటివాళ్లకు ఏడాది పొడుగునా రెండే వార్తలు: వాన రాలేదు, సర్కారు దగ్గర డబ్బు లేదు. మీలో అప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవారికి ఖజానా కార్యాలయం వరండాలో బిల్లుల కోసం కాచుకున్న మధ్యాహ్నాలు ఇంకా గుర్తుండే ఉంటాయి. తాడిపత్రిలో పాలిష్ బండలు అడిగే దిక్కులేక, దుమ్ము పట్టి వరసలు వరసలుగా నిలబడి ఉండేవి. బండ కదలకపోతే అమ్మకం పన్ను రాదు, పన్ను రాకపోతే ఖజానాలో కాగితం కదలదు. అలాంటి ఏడు ఒక మండలాన్ని కరువు జాబితాలో చేర్చడమంటే ప్రభుత్వానికి రెండు చేతులా ఖర్చు. రావలసిన శిస్తు ఆపుకోవాలి, పైగా రైతులకు తక్కువ ధరకు విత్తనకాయలు ఇవ్వాలి. అందుకే జాబితా ఎంత పొట్టిగా ఉంటే పైవాళ్లకు అంత సంతోషంగా ఉండేది.

మా మేనమామది గార్లదిన్నె దాటి గుత్తి వైపు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊరు. మెట్ట సేద్యం, పెద్ద కుటుంబం, ఊళ్లో మాట చెల్లే మనిషి. ఆయనకో పట్టింపు ఉండేది. గడప తొక్కిన మనిషి ఎవరైనా సరే, ముందు మజ్జిగ తాగాలి, తర్వాత ఇంట్లో ఉన్నవాటిలో మేలైనదాన్ని చూడాలి. ఎద్దుల్ని చూపినా కొత్త బిందెను చూపినా అంతే. సొట్టపోయిన గిన్నె కంటబడితే అత్తకు ఆ రోజు చీవాట్లే.

ఆ ఏడు వేరుశనగ చేలు పూత మీద ఉండగానే మాడిపోయాయి. పంట ఎంత పండిందో తేల్చడానికి ప్రతి మండలంలో కొన్ని చేలను చీటీ తీసినట్టు ఎంచి, అందులో కొంత కొలత గీసి, చెట్లు పీకి కాయలు తూస్తారు. ఆ తూకాన్ని బట్టే కరువు ఉన్నట్టో లేనట్టో తేలుతుంది. ఆ ఏడు ఎంపికైనవాటిలో మామ చేనూ ఒకటి. కొలతకు వచ్చిన ఇద్దరు సార్లను మామ ఇంటికి తీసుకుపోయి మజ్జిగ ఇప్పించి, అలవాటు చొప్పున చేనిలో మేలైన చోటికి నడిపించాడు. చేనంతా ఎండినా, బోరు పక్కన ఒక్క మూల మాత్రం కాస్త తడి అంది పచ్చగా నిలిచింది. ఎండలో అంత దూరం నడవడం తప్పినందుకు వాళ్లకూ హాయిగానే ఉన్నట్టుంది, అక్కడే మేకులు పాతి తాడు కట్టారు. చెట్టు పీకితే గుత్తులుగా కాయలు. మామ మురిసిపోయి, ఇంకో నాలుగు చెట్లు తానే పీకి చూపించాడట.

జాబితా వచ్చింది. చుట్టుపక్కల మండలాలన్నీ ఉన్నాయి, మామ చేని తూకం సగటును పైకి లాగడంతో మా మండలం ఒక్కటీ లేదు. శిస్తు కట్టాలి, విత్తనకాయలు రావు, వచ్చే ఏడు విత్తడానికి ఊళ్లో ఎవరి గాదెలోనూ గింజ లేదు. కొలతనాడు తాడు కొస పట్టుకున్న మామ తమ్ముడి కొడుకు, నాకు బావ వరస, రచ్చకట్ట దగ్గర అందరి ముందూ అడిగేశాడు.

"ఏం పెదనాయనా, పెండ్లిచూపులనుకుంటివా? ఎండిన పిల్లను దాచిపెట్టి పచ్చని పిల్లను చూపిచ్చినావు!"

"ఇంటికొచ్చినోళ్లకు పీనుగును చూపిచ్చేదేందిరా?" అన్నాడట మామ. ఎవరూ నవ్వలేదట.

మర్నాడు పొద్దున్నే మామ మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఊరు తనతో మాట్లాడడం లేదని చెప్పలేదు. బస్సులో పక్క సీటు ఖాళీగానే వచ్చిందని మాత్రం చెప్పాడు. ఇద్దరం కలెక్టరాఫీసుకు పోయాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే. జాబితాలో ఇంకో పేరు చేర్చాలంటే పైనుంచి నూరు ప్రశ్నలొస్తాయనీ, కొలిచిన మూల చేనంతటికీ సరిపోలదని ఆ రైతే ఒప్పుకుంటే తప్ప మళ్లీ మనుషుల్ని పంపలేననీ అన్నాడు. మామ పైపంచె మడత సవరించుకున్నాడు.

"మా చేను ఎండిపోయింది సార్. నేనే కనపడనీకుండా చేసినా. వచ్చి చూడండి."

కొన్నాళ్లకు మళ్లీ వచ్చారు. ఊరంతా గట్టు మీద నిలబడింది, వాళ్లలో నేనూ ఉన్నాను. వచ్చినవాళ్లు నీడకోసం ఇంటి వైపు తిరగబోతే మామ అడ్డం నిలిచాడు. "ముందు చేను చూడండప్పా, ఆనక మజ్జిగ," అన్నాడు. ఆయన నోట ఆ వరస తప్పడం ఎవరూ ఎరగరు. కూలి దండగని పీకకుండా వదిలేసిన చేనిలోకి దిగి, ఎండిన చెట్టొకటి పీకి, ఒట్టి వేళ్లు రెండు అరచేతుల మీద పెట్టి, చుట్టాలకు పళ్లెం అందించినట్టుగా ముందుకు చాచాడు. గట్టు మీద ఉన్న బావ తలదించుకున్నాడు.

తర్వాతి జాబితాలో మా మండలం చేరింది. శిస్తు రద్దు కాలేదు, వాయిదా పడింది. విత్తనకాయలు ఆలస్యంగా, అడిగినదానికి సగం వచ్చాయి. ఖజానాలో ఉన్నదే అంత అన్నారు. అయినా ఊరు విత్తుకుంది, బస్సులో మామ పక్కన మనుషులు కూర్చున్నారు.

మామా అత్తా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు చేలు ఎండాయో లేదో ఉపగ్రహాలు తీసే బొమ్మలతో ఆకాశం నుంచే తెలిసిపోతుందని చెబుతున్నారు. పైనుంచి చూస్తే ఏ మూలనూ దాచలేం, ఏ మూలనూ ముందుకు తోయలేం, అది న్యాయమే. కాని మజ్జిగ గ్లాసుతో అత్త వాకిట్లో నిలబడి ఉండగా, గట్టు మీద చెప్పులు విడిచి ఎవరో ఒకరు మన చేనిలోకి దిగేవాళ్లు. మన ఎండిన వేళ్లను చేత్తో పట్టుకుని చూసేవాళ్లు.