సూర్యావతి గారి పథ్యం

సూర్యావతి గారు ఎవరికీ "వద్దండి" అని చెప్పిన పాపాన పోలేదు. ఎవరేం పెట్టినా తినడం, తిన్నాక బాగుందనడం ఆవిడ మర్యాద. రెండువేల రెండులో రొమ్ములో గడ్డ తేలి, ఆపరేషనై, కాకినాడలో కేన్సరు ఇంజెక్షన్లు మొదలయ్యేసరికి ఆ మర్యాదే పీకల మీదికొచ్చింది.

భీమవరం పక్కనున్న వాళ్ళ ఊళ్ళో పరామర్శకి ఉత్త చేతుల్తో ఎవరూ రారు. జ్వరమైతే బత్తాయిలు తెస్తారు. ఈ జబ్బుకి మందే తెచ్చారు. తోటికోడలు రామలక్ష్మి తిప్పతీగ రసం. పాలు పోసే వీరవేణి బిళ్ళగన్నేరు ఆకు పసరు. బావగారు బుల్లిరాజు గారైతే పొద్దున్నే స్కూటరు మీద ఫ్లాస్కుతో నేలవేము కషాయం తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నుంచునేవారు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుందండి బావగారూ."

"ఆయ్! ఐతే రేపు అరగ్లాసు పెంచుతాను."

నాలుగో ఇంజెక్షను నాడు డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసేసింది. "లివరు బాలేదు. ఇవాళ ఇంజెక్షను లేదు. వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"అబ్బే, లేవండి," అన్నారావిడ. ఆవిడ దృష్టిలో అవి మందులు కావు, మర్యాదలు.

భర్త సత్యనారాయణరాజు గారు ఇక ఆగలేకపోయారు. "మూడు పూటలా మూడు రసాలండి!" అంటూ పేర్లన్నీ చెప్పేశారు.

"బిళ్ళగన్నేరా! ఆ మొక్కలోంచి తీసిన మందు మా దగ్గరా ఉందమ్మా. మేం రక్తం చూసి, కొలిచి ఎక్కిస్తాం. మీరు గ్లాసుల్తో తాగుతున్నారు. లివరుని పాడుచేసింది ఏదో నేను చెప్పలేను. అన్నీ ఆపండి. వికారానికి కాస్త అల్లం చాలు. పదిరోజుల్లో కుదుటపడకపోతే వైద్యమే వెనకబడిపోతుంది."

తిరుగు బస్సులో ఆవిడకి జబ్బుకన్నా బావగారి భయం ఎక్కువైంది. రావులపాలెం దాటాక ఉన్నట్టుండి అడిగారు.

"ఏవండీ, మందన్నాక పథ్యం ఉండాలిగా?"

"డాక్టరమ్మ పథ్యమేం చెప్పలేదుగా?"

"అన్నీ ఆపమన్నారుగా. పథ్యం కాకపోతే అదేంటి మరి?"

మర్నాడు ఫ్లాస్కు రానే వచ్చింది. "బావగారూ, కాకినాడ మందుకి పథ్యం ఉందండి. అది వాడినన్నాళ్ళూ ఇంకో మందు నాలిక్కి తగలకూడదు."

డాక్టర్ల మాట ఎలా ఉన్నా, పథ్యం అంటే ఆ ఊళ్ళో తిరుగులేదు. బుల్లిరాజు గారు రెండడుగులు వెనక్కేశారు. "ముందే చెప్పొద్దూ! పథ్యం తప్పితే మందు వికటించదూ!"

అప్పట్నుంచి అరుగు మీద కుర్చీ ఆయనదే. రామలక్ష్మిని చూడగానే "పథ్యం!" అని కేక. వీరవేణి పాలచెంబులోకి కూడా తొంగి చూసేవారు.

ఐతే పథ్యం మాట విన్న ఆ పూట తెచ్చిన కషాయం మిగిలిపోయింది. మందు నేల పాలు చెయ్యకూడదని ఆయనే ఎత్తి ఓ గుక్క వేశారు. మొహం ముడుచుకుపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ ఆయన దాని రుచి చూళ్ళేదు.

"రెండు నెలల్నించీ నువ్వు బాగుందన్నది దీన్నా తల్లీ?"

"ప్రేమగా తెచ్చారు కదండీ."

పదకొండో రోజు ఆయనా కాకినాడ బయల్దేరారు. రిపోర్టు బాగానే వచ్చింది. నాలుగోది ఎక్కించడం మొదలుపెట్టారు. గొట్టంలో దిగుతున్న చుక్కల్ని ఆయన అనుమానంగా చూశారు.

"ఇదీ చేదేనా అమ్మా?"

"నోట్లో పొయ్యరండి బావగారూ."

ఆయన హమ్మయ్య అని స్టూలు మీద కూలబడ్డారు.