పన్నెండు మాటల పాట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో లేదు. వయసు ఇరవై రెండు, ఖమ్మంలో సెల్‌ఫోన్ల షాపులో కొలువు, ఫోన్ నిండా కంటికి కనిపించని క్రిప్టో నాణేలు. బ్యాంకులు ఇక ఎంతోకాలం ఉండవని వచ్చిన వాళ్లందరికీ ఉచితంగా చెప్పేవాణ్ని (పాపం, వాళ్లు స్క్రీన్‌గార్డు కోసం వచ్చేవారు). ఆ ఊపులోనే సెలవు పెట్టి పర్ణశాల దగ్గర మా పెద్దమ్మ ఊరికి వెళ్లాను. ఆమె మిరపకాయలు ఏరే కూలీలకు మేస్త్రి. ఆ సీజన్ ఆమె కూలి డబ్బంతా నాణేలుగా మార్పించాలని నా పట్టుదల. నమ్మకం కుదరడానికి నా జీతంలో సగం నాణేలుగా ఆమె ఫోన్‌లోకి పంపి చూపించాను.

“ఇది తెరవాలంటే పన్నెండు ఇంగ్లీషు మాటలున్నయ్ పెద్దమ్మా. ఫోన్ పోయినా అవి ఉంటే చాలు. అవి తెలిసినోళ్లదే పైసలు. యాడా రాయొద్దు, ఎవలకూ చెప్పొద్దు, మర్చిపోవద్దు.”

“అవ్ బిడ్డా, నేర్సుకుంట,” అంది.

మర్నాడు పొద్దున్నే చేనుకు వెళ్లాను. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. ఆ తెల్లదనంలో ఎర్రటి మిరప సాళ్లు, వంగిన నడుములు, ఎక్కడి నుంచో తేలివస్తున్న పాట. కలలో నడుస్తున్నట్టుంది. గట్టు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాను. అప్పుడు తెలిశాయి మాటలు. “రివరూ, లెమనూ, టైగరో... విండో నా సామి విండో...” పెద్దమ్మ ఎత్తుకుంటోంది, ఇరవై మంది ఆడవాళ్లు అందుకుంటున్నారు. బస్తాల కోసం వచ్చిన ఆటో డ్రైవర్ అదే వరసలో ఈల వేస్తున్నాడు.

“గిదేంది పెద్దమ్మా! ఎవలకూ చెప్పొద్దన్న గదా!”

“చెప్పలే బిడ్డా, పాడిన. పాడకపోతే నాకు యాదికుండదు. మర్చిపోతే ఎవల్ని అడగాలె?”

“ఎవలూ ఉండరు.”

“ఆఫీసు?”

“లేదు.”

“సారు?”

“ఉండడు.”

ఆమె నన్ను జాలిగా చూసింది. “లొల్లి పెట్టుకుందామన్నా మనిషి లేని కాడ నా కష్టం ఎట్ల పెట్టాల్రా?”



ఊరంతా పాడినా ఆ డబ్బు ఎవరూ ముట్టలేదు. ముట్టడం ఎలాగో తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ అనిపించనూ లేదు. పెద్దమ్మ తన కూలి డబ్బు మహిళా సంఘంలో కట్టి, అక్కడి మేడంతో అరగంట ముచ్చట పెట్టి వచ్చింది. నేను నా సగం జీతం వెనక్కి తెచ్చుకోవడానికి చేనులో మంచె ఎక్కి మధ్యాహ్నం దాకా సిగ్నల్ వెతికాను.

ఆ మంచె మీది కుర్రవాడు ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కోపం రాదు. కింద మంచు విడిపోయి గోదావరి మెల్లగా బయటపడుతోంది. వాడు ఫోన్ ఆకాశానికెత్తి, దాని వంకే చూస్తున్నాడు. కాసేపు కూర్చోరా నాయనా అనాలనిపిస్తుంది.