దేవుడి అరలో రేడియేషన్ బిళ్ళ

మా ముత్తాత ఒక సంస్థానంలో ఆస్థాన వైద్యుడు. ఆయన నాడి చూడాలంటే రాజావారి పల్లకీ మా గుమ్మం దాకా రావలసిందే. మా తాతకు పల్లకీ రాలేదు గాని, భీమునిపట్నంలో దొరల ఇళ్ళలో కామెర్లు వస్తే ఆయనకే కబురొచ్చేది. మా నాన్నకు కబురూ రాలేదు. ఆయనకు దక్కినవి వంశపారంపర్యపు కషాయం ఒకటి, మందు అమ్మకూడదన్న నియమం ఒకటి. ఈ రెండింటితో విశాఖపట్నం పాత ఊళ్ళో అద్దె ఇంట్లో సంసారం నడిచింది. నా పోర్టు గుమాస్తా జీతం, తాత వదిలిన చిన్న కొబ్బరితోట కూడా కొంత సాయపడ్డాయనుకుంటాను.

ఎనభైలలో ఉక్కు కర్మాగారం కడుతున్నప్పుడు మా తమ్ముడు ఒక కాంట్రాక్టరు దగ్గర కుదిరాడు. గొట్టాల వెల్డింగు అతుకుల్ని గామా కిరణాలతో ఫొటో తీసి, లోపల పగుళ్ళున్నాయేమో చూసే పని. ఆ కిరణాలు కంటికి కనబడవు. ఒంట్లో దూరితే రక్తాన్నీ కాలేయాన్నీ పాడు చేస్తాయి. అందుకని ఛాతీకి తగిలించుకోమని ఒక్కొక్కరికీ ఒక బిళ్ళ ఇచ్చారు. దాన్లో చిన్న ఫిల్ము ఉంటుంది. మనిషికి ఎంత కిరణం తగిలిందో అది చెబుతుంది. కొన్నాళ్ళకోసారి పరీక్షకు పంపుతారు.

మొదటి రోజు తమ్ముడు ఆ బిళ్ళతోనే భోజనానికి కూర్చున్నాడు.

"ఏవిట్రా అది?" అన్నారు నాన్న.

"బ్యాడ్జి నాన్నా. రేడియేషన్ కొలుస్తుంది."

"బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళు మన అరుగు కింద నిలబడేవారు. మనింట్లో బిళ్ళ బంట్రోతు పుట్టాడని ఊరంతా చూడాలా? తియ్యి! నీకు కావలసింది కొలత కాదు, రక్షణ."

మర్నాటి నుంచి రక్షణ మొదలైంది. నేల ఉసిరి, తిప్పతీగ, తులసి, పెద్ద కొడుకునైన నాకు కూడా చెప్పని ఇంకేవో ఆకులు వేసి కాచి, గ్లాసుడు తాగించి పనికి పంపేవారు. కాలేయానికి అది పేరున్న మందే. కిరణాలను ఆపడం మాత్రం దానికి కొత్త ఉద్యోగం. బిళ్ళ సర్కారు వస్తువని అమ్మ దాన్ని దేవుడి అరలో పెట్టి, శుక్రవారాలు కుంకుమ బొట్టు పెట్టేది. పనిలో ఎవరైనా అడిగితే చొక్కా లోపల ఉందనేవాడు తమ్ముడు. పరీక్షకు పంపేటప్పుడు తుడిచి పట్టుకెళ్ళేవాడు.

ఫలితాలు వచ్చాయి. అందరికీ ఎంతో కొంత తగిలింది. మావాడికి ఏమీ తగల్లేదు.

నాన్న ఆశ్చర్యపోలేదు. "మన ఆకు ముందు ఏ కిరణమైనా నిలుస్తుందా?" అన్నారు. బిళ్ళ దేవుడి దగ్గరుందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ రెండు సంగతుల్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పెద్ద వంశాల్లో అలాంటి పనులు చేయరు.

ఆదివారం తమ్ముడితో పనిచేసేవాళ్ళు మా గుమ్మంలో దిగారు.

"ఏటి బావా, నీ ఒక్కడికేనా అమృతం? మాకూ గలాసుడు పోయించు."

"ఊరికే ఇత్తారంట. ఊరికే ఇచ్చిన మందు పనిసేత్తాదేటి?" అన్నాడు ఇంకొకడు.

"ఈడికి సున్నా వచ్చింది సూడలేదా? మూసుకుని తాగు."

చాలా ఏళ్ళకు మా ఇంటికి రోగులు వచ్చారు. వాళ్ళకు రోగం లేకపోవడం ఒక్కటే లోటు. నాన్న స్వయంగా గ్లాసులు అందించారు.

వాళ్ళలో ఒకడు వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, కిరణాల మిసను తెరిసినప్పుడు అందరం తాడు దాటి దూరం పోతాం. మీవోడు కదలటం మానేసినాడు. నాకేటవదు అంటన్నాడు. నాకు బయ్యంగుంది."

ఆ మాట నాన్నకు చెప్పాను. "వాడికి మందు మీద గురి కుదిరింది" అని సంతోషించారు.

రెండోసారి కూడా సున్నా వచ్చేసరికి భద్రతాధికారి తమ్ముణ్ణి పిలిపించాడు. "టీ కొట్టువాడి పాటి కూడా నీకు తగల్లేదా? ఈ బిళ్ళ సందులో కుంకుమ ఎక్కడిది?" అన్నాడు. తమ్ముడు ఉన్నది చెప్పేశాడు. అప్పటికప్పుడు పని ఆపించి, రక్తం తీయించారు.

మర్నాడు నాన్న ఇస్త్రీ ఉత్తరీయం వేసుకుని, కషాయం మహిమ వివరించడానికి నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. కర్మాగారం గేటు దగ్గర కాపలావాడు సందర్శకుల బిళ్ళ చేతిలో పెట్టాడు.

"ఇది పెట్టుకోందే లోపలికి ఒగ్గం, పెద్దాయనా."

నాన్న దాని వంక చూశారు. తరవాత ఉత్తరీయానికి గుచ్చుకున్నారు. నేను లారీల వైపు చూస్తూ నిలబడ్డాను.

అధికారి కుర్చీ వేయించి, అంతా విన్నాడు. "ఆకుల రసాలు ఎలకలకు పట్టించి, కిరణాలు పెట్టి చూస్తున్నారని నేనూ విన్నానండి. కాలేయానికి కొంత మేలు చేస్తాయేమో. మనుషుల సంగతి తెలీదు. మీవాడికి ఎంత తగిలిందో తెలిస్తే మీ మందు గురించి ఏదో ఒకటి అనుకోవచ్చు. అది చెప్పవలసిన బిళ్ళ మీ దేవుడికి ఎంత తగిలిందో చెప్పింది."

"రక్తం ఎలా ఉంది?" అన్నారు నాన్న. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అంతవరకూ తెలియదు.

తెల్లకణాలు తగ్గాయన్నారు. కొన్ని నెలలకు మామూలుకొచ్చాయి. కషాయమే కాపాడిందని నాన్న, పని మాన్పించడమే కాపాడిందని అధికారి. ఎంత కిరణం నుంచి కాపాడిందో మాత్రం ఇద్దరికీ తెలియదు. కాంట్రాక్టరు తమ్ముణ్ణి మళ్ళీ తీసుకోలేదు. కంటికి కనబడే పనే చేస్తానని వాడు ఆటోనగర్‌లో లేతు మిషను పెట్టుకున్నాడు. దానికోసం మాకు మిగిలిన కొబ్బరితోటను ఆనందపురం వ్యాపారి ఒకాయనకు అమ్మేశాం.