జేబులో సువార్త

వీధంతా ఇస్త్రీ పిన్ని అని పిలిచే ఆవిడకు నలుగురిలో నోరు పెగలదు. ఆ ఇంట్లో మాటలన్నీ మొగుడివే. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక ఇస్త్రీపెట్టె చప్పుడే మిగిలింది. అలాంటి మనిషి, ఆదివారంలోగా ఒక్కరికైనా యేసయ్య గురించి చెబుతానని సంఘంలో అందరితో పాటు చెయ్యెత్తి, ఆనక నాలుక కరుచుకుంది.

చివరికి ఒక ఉపాయం తట్టింది. ఇస్త్రీ చేసిన ప్రతి చొక్కా జేబులో ఒక సువార్త కరపత్రం మడిచి పెట్టింది. శనివారానికి అన్నీ తిరిగొచ్చాయి. "పిన్నీ, నీ కాగితం మా జేబులో ఉండిపోయింది" అంటూ తెచ్చిచ్చారు. పాపం, అంత నిజాయితీపరులు.

ఆఖరిది పక్కింటి ముసలావిడ తెచ్చింది.

"ఇందులో ఏముందే? కళ్ళజోడు మర్చిపోయాను, చదువు."

"నాకూ చదువు అంతంతమాత్రమే అత్తయ్యా."

"అయితే నోటితో చెప్పు. ముత్యాలేమైనా రాలిపోతాయా?"

పిన్ని గొంతు సవరించుకుని, తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి కథ ఎత్తుకుంది. కాపరి కొండెక్కేసరికి కమురు వాసన వచ్చింది. చూస్తే, పాస్టరుగారి తెల్లచొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు.

"మాడితే మాడింది. గొర్రె దొరికిందా లేదా?" అంది ముసలావిడ.

"దొరికింది అత్తయ్యా."

ఆదివారం మండుటెండలో, ఆ అచ్చు కనబడకుండా కోటు తొడుక్కొచ్చిన పాస్టరుగారు, "ఈ వారం ప్రభువు గురించి ఎవరెవరు చెప్పారు?" అని అడిగారు. అందరికంటే ముందు పిన్ని చెయ్యెత్తింది.

"మీ సంగతి నాకు తెలుసమ్మా" అంటూ ఆయన వీపు తడుముకున్నారు.