చార్టు చదివిన కండ్లు

కాశిబుగ్గల నాకు పొగరుబోతని పేరు. ఎదురొచ్చినోళ్లను గుద్దుకుంట పోతనని, పక్కనుంచి నవ్వితే తిరిగి నవ్వనని, కండ్లు నెత్తికెక్కినయని అనేటోళ్లు. నా కండ్ల సంగతి ఎవరికెరుక? సూటిగ చూస్తే సూదిల దారం ఎక్కిస్త. చుట్టూ ఏమున్నా కనపడదు, లోకమంత ఒక సన్నటి పైపులకెళ్లి చూసుడే. పొద్దుగూకితే అది గూడ లేదు.

డిగ్రీ చదివేటప్పుడు నాయిన నన్ను వికలాంగుల సర్టిఫికెట్ క్యాంపుకు తీస్కపోయిండు. ఆయన మగ్గం మీద జంపఖానాలు నేస్తడు. ఆ రోజు పని బంద్ పెట్టి, ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు. కండ్ల డాక్టరు గోడమీది చార్టు చూపెట్టి చదవమన్నడు. అడుగు వరుస దాకా గడగడ చదివిన.

"నాకంటే మంచిగ చదివింది గదా! ఇంకేం గుడ్డితనం?" అన్నడు డాక్టరు.

"సారూ, పక్కకు కనపడదు. ఇంట్ల గడప గూడ తట్టుకొని పడ్తది," అన్నడు నాయిన.

పక్క చూపు ఎంతున్నదో చూసే పరీక్ష వేరే ఉంటది. డాక్టరు దాని జోలికే పోలే. "నెక్స్ట్" అన్నడు. నేను లేచి తిరిగేసరికి స్టూలు తగిలి బోర్లా పడ్డ.

"చూసిన్రా, యాక్టింగ్ గూడ వచ్చు!" అన్నడాయన.

లైన్ల నిలబడ్డోళ్లు నవ్విన్రు. నాయిన నన్ను లేపి, ఆ డాక్టరుకే దండం పెట్టి బయటికి తీస్కొచ్చిండు. మోకాలి దెబ్బ మానింది గని, ఆ దండం నాకు మానలే.

తర్వాత హైదరాబాద్‌ల వేరే డాక్టరు పక్క చూపు పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చిండు. చదువైనంక, బిల్డింగులు మాలాంటోళ్లు తిరిగేటట్టు ఉన్నయా లేవా అని చూసే ఒక సంస్థల ఉద్యోగం దొరికింది. ఒకరోజు హన్మకొండల ఒక ప్రైవేటు దవాఖాన పని వచ్చింది. ఓనరు పేరు చూసిన. ఆ డాక్టరే.

"ఈ దవాఖానకు నేను పోత మేడమ్," అన్న, మా సంస్థ నడిపే ఆమెతోని.

నాలాంటోళ్ల చూపు ఎట్లుంటదో చూపెట్టేటందుకు, సన్న రంధ్రం ఉంచి చుట్టూ నల్లగ మూసిన కండ్లద్దాలు మా ఆఫీసుల ఒక జత ఉండేది. అవి పెడితే మనుషులకు జాలి పుడ్తది తప్ప మా బతుకు తెల్వదని మేడమ్ వాటిని వాడనిచ్చేది కాదు. ఆమె మాట నిజమే. అయినా బ్యాగుల వేస్కొని పోయిన.

డాక్టరు నన్ను గుర్తువట్టలే. రిసెప్షన్ నిండ పేషెంట్లున్నరు.

"సార్, చిన్న పరీక్ష. ఈ అద్దాలు పెట్టుకొని ఆ గోడమీది చార్టు చదవండి," అన్న.

అడుగు వరుస దాకా చదివి, గొప్పగ నవ్విండు.

"ఇప్పుడు మెడికల్ షాపు దాకా నడవండి."

ముందు బెంచీకి మోకాలు కొట్టుకున్నడు. తర్వాత వీల్‌చైర్ల కూసున్న ముసలామె మీద పడబోయిండు. మెట్టు దగ్గరికి వచ్చేసరికి, పడితే బాగుండు అనిపించింది. ఉద్యోగం యాదికొచ్చి చెయ్యి పట్టుకున్న.

"ఇదేందమ్మా, ఏం కనపడ్తలేదు!" అన్నడు.

"అక్షరాలన్ని చదివిన్రు గదా సార్. యాక్టింగ్ జేస్తున్నరా?"

ఎవరో కిసుక్కున నవ్విన్రు. ఆయన అద్దాలు తీసి నన్ను చూసిండు. క్యాంపు సంగతి, స్టూలు సంగతి, మా నాయిన పెట్టిన దండం సంగతి అందరు వినేటట్టు చెప్పిన.

"రోజుకు ఎంతమందినో చూస్తం. నాకు గుర్తులేదమ్మా," అన్నడు మెల్లగ.

"నాకున్నది సార్."

ఆయన ఆఫీసుకు ఫోన్ జేసి కంప్లైంట్ ఇచ్చిండు. మేడమ్ తిట్టింది. తలకాయ వంచుకొని విన్న గని, లోపల సంబురమే. మెట్ల అంచులకు పసుపు పట్టీలు, చేతికి రెయిలింగు, కారిడార్ల లైట్లు, బెంచీలు దారికి అడ్డం లేకుంట, అన్ని రిపోర్టుల రాసిన. ఒక్కటి గూడ తగ్గించలే. డాక్టరు పండ్లు కొరుక్కుంటనే చేయించిండట.

ఇంటికి పోయి నాయినకు చెప్పిన. ఆయన మగ్గం ఆపి అడిగిండు:

"అందరి ముందటనేనా?"

"అందరి ముందటనే."

"మల్లొక్కసారి చెప్పు బిడ్డా, మొదటికెళ్లి."

ఈసారి జర కారం ఎక్కువేసి చెప్పిన.