పెద్దాయన మౌస్ ముట్టుకోని పూట

నాకు ఉద్యోగం వచ్చిందండీ. ఇంజనీరింగ్ కాలేజీలో, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ఇంకా నమ్మకం కుదరక ఆర్డరు కాపీని పొద్దుట్నుంచి ఫోన్లో తెరిచి చూసుకుంటూనే ఉన్నాను. అమ్మకి చదివి వినిపించి అర్థం కూడా చెప్పాను ("అంటే కలెక్టరు కిందా?" అని అడిగింది, కాదనడానికి మనసొప్పక "కాలేజీ వరకూ అనుకో" అన్నాను). మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఇలాంటి కబురొస్తే ఎలా మసులుకోవాలో చెప్పే అనుభవజ్ఞులు ఇంట్లో ఎవరూ లేరు. నాన్న హనుమాన్ జంక్షన్‌లో తన పంక్చర్ షాపు ముందు ఆగిన ప్రతి లారీ డ్రైవరుకీ చెబుతున్నాడట. నేనేమో ఫోన్లు చెయ్యడం మానేసి, నా మొదటి ఉద్యోగం తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజుల్లో కంప్యూటర్ గురించి నాకు తెలియనిదంటూ లేదు. కాకపోతే తెలిసిందంతా పుస్తకంలోది. బీకాం కంప్యూటర్స్ చదివిన మూడేళ్ళలో ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చున్న సమయం కన్నా, రికార్డులో దాని బొమ్మ గీసి రంగులేసిన సమయమే ఎక్కువ. "కంప్యూటర్ లక్షణాలు వ్రాయుము" అంటే వేగం, కచ్చితత్వం, అలసట లేకపోవడం అని నిద్రలో లేపినా అప్పజెప్పేదాన్ని. ఆ ధైర్యంతోనే భవానీపురంలో ధాన్యం మిల్లులకి విడిభాగాలు సరఫరా చేసే ఒక ఆఫీసుకి వెళ్ళాను. యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. "మెయిళ్ళు చూడటం వచ్చా?" అన్నారు. వచ్చన్నాను. "కంప్యూటర్ చెడితే?" బాగుచేస్తానన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన "సరే, నెలాఖరు దాకా చూద్దాం. పనికొస్తే ఉంటావు, లేకపోతే ఏమీ అనుకోకూడదు" అన్నారు. ఇంటికెళ్ళి మొదటి సగమే చెప్పాను. మర్నాటికల్లా నాన్న జంక్షన్‌లో సగం మందికి "మా అమ్మాయి విజయవాడలో కంప్యూటర్లు బాగుచేస్తుంది" అని చెప్పేశాడు. రెండో సగం నా దగ్గరే ఉండిపోయింది.

పెద్దాయన మంచివారే, కానీ ఊరికే తిరిగే మోటారుని చూస్తే ఆయన ప్రాణం విలవిల్లాడేది. కంకిపాడు దగ్గర రైతు కుటుంబంలో పుట్టినాయన. నీళ్ళు పారని మోటారు తిరగడం ఎంత పాపమో, ముందు మనిషి లేని కంప్యూటర్ వెలగడం కూడా అంతే పాపమని నమ్మేవారు. టీకి లేచినా షట్‌డౌన్, గోడౌన్లోకి వెళ్ళినా షట్‌డౌన్. ఈయనకి తోడు మా అకౌంట్స్ మావయ్య. పెద్దాయనకి వరసకి బావ, ఆఫీసులో మిగతా అందరికీ మావయ్య. భోజనాల వేళకి కంప్యూటర్లన్నీ ఆపించి, మెయిన్ కట్టేసి, ఆ స్విచ్చుని ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. తరవాతే క్యారేజీ మూత తీసేది.

నెలాఖరు దగ్గరపడుతుండగా గుడివాడ నించి ఒక మిల్లాయన ఫోన్ చేశాడు. ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్ షాఫ్టు విరిగిందట. కోతల కాలం, మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. అంతకుముందు ఒకసారి అదే షాఫ్టుకి కొలతల డ్రాయింగు మెయిల్లో పంపాడు కాబట్టి, అది తీసి ఆటోనగర్ లేతు షాపులో ఇస్తే సాయంత్రానికి కొత్తది తయారవుతుంది. విరిగినదాన్ని కొలుద్దామంటే చివర్లు అరిగిపోయాయి, ఆ కొలత నమ్మడానికి లేదు. "అదెంత పని, వెతికిస్తాను" అని పెద్దాయన ఫోన్ పెట్టేసి, మెయిల్ ప్రోగ్రామ్ తెరిచి, వెతికే పెట్టెలో గుడివాడ అని కొట్టారు. ఎప్పటివో పాత మెయిళ్ళు వరసగా వచ్చాయి. ఈమధ్యవి ఒక్కటీ లేదు. 

"అమ్మాయ్, ఇది మా నాయనమ్మలా ఉంది. పాత సంగతులన్నీ చెబుతుంది, పొద్దున ఏం తిన్నావంటే చెప్పదు" అన్నారు.

నేను వెళ్ళి కూర్చున్నాను. ఒక్క ఫోల్డర్లోనే వెతుకుతుందేమోనని అన్ని ఫోల్డర్లకీ మార్చాను, లాభం లేదు. ప్రోగ్రామ్ మూసి తెరిచాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను, అదీ అంతే. చేత్తో వెతుకుదామంటే ఏళ్ళ తరబడి వచ్చిన మెయిళ్ళు ఒక్కటి కూడా తీసెయ్యకుండా ఒకే కుప్పగా పోసి ఉన్నాయి, సగానికి విషయం దగ్గర 'నమస్తే' అనే ఉంది. అయినా మిల్లాయన పేరున్నవి కిందకి జరుపుతూ చూశాం. షాఫ్టు అన్నదే కనబడలేదు. పెద్దాయన గడియారం చూసుకుని నిదానంగా, "సాయంత్రం లోపు దొరక్కపోతే బెంజ్ సర్కిల్‌లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలుస్తాను. ప్రతిదానికీ అతన్నే పిలవాల్సొస్తే, ఇక్కడ నీకు మాత్రం ఏం పనుంటుంది చెప్పు" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది.

గోడౌన్లో బెల్టుల వెనక్కి వెళ్ళి ఫోన్లో వీడియో పెట్టుకున్నాను (అలసట లేకపోవడం అనే లక్షణం కంప్యూటర్‌ది, నాది కాదు). ఎవరో కుర్రాడు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతున్నాడు. నాకర్థమైంది ఇదీ: కంప్యూటర్ మెయిళ్ళన్నీ ముందుగానే చదివి, ఏ మాట ఏ మెయిల్లో ఉందో సూచిక రాసి పెట్టుకుంటుంది, మనం వెతికేది ఆ సూచికలో, అది పాడైతే చెరిపేసి మళ్ళీ మొదట్నించి రాయించాలి, దానికో బటన్ ఉంది. పరుగున వచ్చి నొక్కేశాను. వీడియోలో ఆ తరవాత ఏం చెప్పాడో వినలేదు.

పెద్దాయన మళ్ళీ గుడివాడ అని కొట్టారు. ఈసారి పాతవి కూడా రాలేదు. మిల్లు అని కొట్టారు, ఏమీ లేదంది. చివరికి తన పేరే కొట్టుకున్నారు.

"నేను కూడా లేనంటుందేంటమ్మాయ్?"

"ఉన్నారండి. మళ్ళీ రాసుకుంటుంది."

"ఏం రాసుకుంటుంది?"

సూచిక అంటే ఎలా చెప్పాలో తెలియక చుట్టూ చూశాను. మావయ్య కనబడ్డాడు. "గోడౌన్లో ఏ బేరింగు ఏ అరలో ఉందో మావయ్యకి తెలుసు కదండీ. ఆయన ఊరెళితే సరుకంతా అక్కడే ఉంటుంది గానీ మనకి దొరకదు. కంప్యూటర్లో కూడా అలాంటి మావయ్య ఒకడుంటాడు. ఉన్నవాడు సగమే చూశాడని తీసేసి, కొత్తవాణ్ణి పెట్టాను. ఇప్పుడతను గోడౌనంతా తిరిగి చూసుకుంటున్నాడు."

"నన్ను తీసేశారా?" అన్నాడు మావయ్య, క్యాష్ బుక్కులోంచి తలెత్తి.

"నిన్ను కాదు బావా, లోపలాయన్ని" అన్నారు పెద్దాయన. "మరి ఎంతసేపు తిరుగుతాడు?"

సెట్టింగుల్లో చూస్తే, ఇంకా చూడాల్సిన మెయిళ్ళు ఎన్నో ఒక అంకె ఉంది, అది తగ్గుతోంది. దాని కిందే చిన్న అక్షరాల్లో, మీరు కంప్యూటర్ వాడుతున్నారు కాబట్టి పని నెమ్మదిగా సాగుతోంది అని రాసి ఉంది. అప్పుడు వెలిగింది నాకు. మనం పనిచేస్తుంటే ఇది పని తగ్గిస్తుంది, మనం ఖాళీగా ఉంటే పనిచేస్తుంది. ఈ ఆఫీసులో అయితే కంప్యూటర్ ముందు పెద్దాయన పనిచేస్తూ ఉంటారు, లేకపోతే అది షట్‌డౌన్ అయి ఉంటుంది. ఊరికే ఉండటమన్నది దాని జన్మలో లేదు. పాపం ఆ లోపలి మావయ్య ఏళ్ళ తరబడి ఒక అర చూడగానే ఎవరో ఒకరు లైటు ఆర్పేస్తుంటే ఏం చేస్తాడు? ఈ మాటే పెద్దాయనకి విన్నవించి, ఎవరూ ముట్టుకోకుండా కాసేపు అలా వదిలెయ్యాలన్నాను.

"అంటే మనిషి ఎదురుగా ఉంటే పని తగ్గించి, లేకపోతే గబగబా చేస్తుందా?"

"అవునండి."

"ఇంతకాలం వ్యాపారంలో నేను దీనికి తలకిందులుగా ఉండే మనుషుల్నే చూశాను" అన్నారు.

అంతలో మిల్లాయనే బయల్దేరి వచ్చేశాడు, విరిగిన షాఫ్టుని గోనె సంచిలో చుట్టుకుని. వస్తూనే "దొరికిందా?" అన్నాడు. ఇంకా లేదనేసరికి కుర్చీ లాక్కుని పెద్దాయన పక్కన కూర్చున్నాడు. పెద్దమనుషులిద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉట్టి అంకెని చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి తెర మసకబారింది. "అయ్యో, నిద్రపోతుంది" అని పెద్దాయన మౌస్ కదిపారు. అంకె ఆగింది. అది నిద్రపోకుండా నేను సెట్టింగు మార్చాను. మళ్ళీ తగ్గడం మొదలైంది. "ఉందా లేదా చూద్దాం" అని ఈసారి మిల్లాయన కదిపాడు. 

"అండీ, దయచేసి ముట్టుకోకండి" అన్నాను. గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఉద్యోగం అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఎలాగూ అయిపోయినప్పుడు మొహమాటం దేనికని, "మీరు భోజనానికి వెళ్ళి రండి. ఇక్కడ కూర్చుంటే మీ చేతులు ఊరుకోవు" అని కూడా అనేశాను. మిల్లాయన నవ్వాపుకుంటూ లేచాడు. పెద్దాయన లేస్తూ అలవాటుగా షట్‌డౌన్ మీదకి చెయ్యి పోనిచ్చి, నన్ను చూసి, ఆ చేత్తో తల గోక్కుని వెళ్ళిపోయారు.

ఇంకో గండం మిగిలే ఉంది. మావయ్య క్యారేజీ తీసుకుని స్విచ్ బోర్డు దగ్గరికొచ్చాడు. నేను అప్పటికే నా కుర్చీ దానికి అడ్డంగా వేసుకుని, పెరుగన్నం డబ్బా తెరిచి కూర్చున్నాను.

"లేవే."

"ఈ ఒక్క పూటకి వదిలెయ్యండి మావయ్యా."

"ఈ ఆఫీసు పెట్టిన్నాటి నించి భోజనాల వేళకి మెయిన్ నేనే కడుతున్నా. నెలాఖరుకి నువ్వుంటావో లేదో, నేను మాత్రం ఉంటా. లే."

నేను లేవలేదు. డబ్బా ఆయన వైపు జరిపి, "ఆవకాయ వేసుకుంటారా, అమ్మ పెట్టింది" అన్నాను. ఆయన కాసేపు నన్ను, కాసేపు ఆవకాయని చూశాడు. చివరికి స్విచ్చు దాకా చెయ్యి చాపి, కట్టకుండానే ముట్టుకుని కళ్ళకద్దుకుని, నా ఎదురుగానే కూర్చుని క్యారేజీ విప్పాడు. "కారం ఎక్కువేసింది మీ అమ్మ" అన్నాడు, రెండోసారి వేసుకుంటూ.

వాళ్ళు తిరిగొచ్చేసరికి అంకె సున్నాకి వచ్చింది. పెద్దాయన కూర్చోలేదు, "నువ్వే కొట్టు" అన్నారు. షాఫ్ట్ అని కొట్టాను. ఒక మెయిల్ వచ్చింది. దాని విషయం: 'మా చిరంజీవి ఓణీల ఫంక్షన్‌కి ఆహ్వానం.'

నా కళ్ళ ముందు జంక్షన్ బస్సు కనబడింది. "షాఫ్టు అడిగితే ఓణీలు చూపిస్తుంది. ఇది బాగుపడినట్టేనా?" అన్నారు పెద్దాయన. పోయేదేముందని తెరిచాను. పైన నమస్తే, దాని కింద ఎలివేటర్ షాఫ్టు అరిగింది, మనిషిని పంపండి అని నాలుగు ముక్కలు, దాని కింద కొలతలతో సహా డ్రాయింగు. ఇంకా కిందకి వెళితే బెల్టులు, జల్లెడలు, బేరింగులు తక్కువ పంపారని ఒక తగాదా, అన్నీ అయ్యాక అట్టడుగున పూలదండల మధ్య పట్టులంగాలో ఒక చిన్న పిల్ల.

మిల్లాయన గోనె సంచి సర్దుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "కొత్త మెయిల్ రాయడం నాకు రాదండి. అప్పట్లో ఆ పిలుపు మా మేనల్లుడు పంపించాడు. దానికి మీరు తప్పకుండా వస్తామని జవాబు రాశారు. ఇహ అప్పట్నించి ఏం కావాల్సొచ్చినా ఆ జవాబుకే జవాబు కొడుతున్నా. చక్కగా మీకే చేరుతుంది కదా."

"ఇందాక వెతుకుతూ నేను ప్రతిసారీ ఓణీల పిలుపే అనుకుని దాటేశాను" అన్నారు పెద్దాయన. "మీ అమ్మాయికి ఎన్ని ఓణీల ఫంక్షన్లు చేస్తారయ్యా అని మనసులో అనుకున్నా కూడా."

"అది బీటెక్‌లో చేరిందండి."

పెద్దాయన మొదట నవ్వారు, తరవాత మావయ్య, ఆ తరవాత మిల్లాయన. నేను మాత్రం నవ్వలేదు, ముందు ప్రింటు తీశాను. ఆ కాగితం పట్టుకుని వాళ్ళిద్దరూ ఆటోనగర్ వెళ్ళారు. గుమ్మం దాటుతూ పెద్దాయన వెనక్కి తిరిగి, "బావా, రేపట్నించి మెయిన్ కట్టేముందు ఆ అమ్మాయిని అడుగు" అన్నారు. నా ఉద్యోగం సంగతి మాత్రం ఎత్తలేదు. మావయ్య బొత్తిగా మొహం మాడ్చుకున్నాడు.

నెలాఖరు రోజున బ్యాగు సర్దుకుని మరీ ఆయన ముందు నిలబడ్డాను, రేపు రావాలా వద్దా అని. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "ఆ రోజే చెప్పాగా" అన్నారు. ఏం చెప్పారండి అన్నాను. "బావ స్విచ్చు నీకప్పజెప్పాను. ఇంకా నోటితో కూడా చెప్పాలా?" అని మళ్ళీ మెయిళ్ళలోకి తల దూర్చేశారు. వీధిలోకొచ్చి నాన్నకి ఫోన్ చేసి, ఉద్యోగం ఉందని చెబితే, "ఉండకేం, ఎందుకుండదు?" అన్నాడు. నిజమే, ఆయనకి నేను రెండో సగం చెప్పనే లేదు కదా.

ఇప్పుడు తలుచుకుంటే ఆనాటి నేననే ఆ పిల్ల మీద జాలీ, కాస్త అసూయా కూడా కలుగుతాయి. ఏమీ తెలియకుండానే అన్నీ వచ్చని చెప్పేసింది. ఇన్నేళ్ళు పెద్దాయన దగ్గరే పనిచేసి ఇంత నేర్చుకున్నాక, మొన్న కాలేజీ ఇంటర్వ్యూలో "అన్నీ వచ్చా?" అని అడిగితే, "కొన్ని వచ్చండి, మిగతావి చూసుకుని చెబుతాను" అన్నాను. గొంతు కూడా చిన్నగానే వచ్చింది.

సరే, ఫోన్లు చెయ్యాలి. ఇంకా మిగిలినవాళ్ళు:

పెద్దమ్మ (పెళ్ళి మాట ఎత్తేలోగా వార్త చెప్పి పెట్టెయ్యాలి).

పాస్టరమ్మగారు (ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పమంటారు, ఏం చెప్పాలో ముందే అనుకోవాలి).

డిగ్రీలో మా కంప్యూటర్ మేడమ్. నేను గుర్తుండను, అయినా చేస్తాను.

హాస్టల్లో నాతో ఉన్న అవనిగడ్డ పిల్ల.

గుడివాడ మిల్లాయన.

మావయ్య. రిటైరై కూతురి దగ్గర ఉన్నాడు, ఫోన్లో సరిగ్గా వినబడదు, గట్టిగా అరవాలి.

పెద్దాయన. ఈ నంబరు ఇందాకట్నించి తీసి, నొక్కకుండా పెట్టేస్తున్నాను. వచ్చే నెల నించి నేను రానని ఆయనకి ఫోన్లో చెప్పలేను. రేపు పొద్దున్నే వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాలి.